మెత్తటి జొన్నపిండి

హుసేనప్పకు కోళ్ల మీద కోపం వచ్చింది.

దర్గాకు వచ్చిన పేదలందరికీ నన్నేసాబు బాబా అన్నం పెట్టేవాడు. కూర కోసం దర్గా వెనక షెడ్డులో బ్రాయిలర్ కోళ్లు సాకేవారు. ఆ పని శిష్యుడు హుసేనప్పది.

ఆ ఏడు బయటి మొక్కజొన్న దాణా కొనలేని ధర అయింది. ఊళ్లో పండిన జొన్నలే పెడదామన్నాడు బాబా. దాణా ఏజెంటు పకపకా నవ్వాడు. వాడి పేరు ఇక్కడ అక్కర్లేదు. కోళ్లు జొన్న తిని ఎదగకపోతే మాత్రం షెడ్డు మూసెయ్యాల్సిందే. పేదల విస్తట్లో ఇక కూర ఉండదు.

హుసేనప్ప పిండిమర దగ్గర పెరిగినవాడు. వాడు పట్టిన పిండితో రొట్టె తడితే అంచు చీలదని ఆడవాళ్లే చెప్పుకుంటారు. ఆ పేరుకు తగ్గట్టు జొన్నల్ని రెండుసార్లు మరలో పోశాడు. వేరుశనగ చెక్క కలిపి తొట్లు నింపాడు.

కోళ్లు ముక్కు పెట్టాయి. తల విదిలించి నీళ్ల దగ్గరికి పోయాయి. సాయంత్రానికీ తొట్లు నిండుగానే ఉన్నాయి.

"ఇవి పొగరుబోతు కోళ్లు బాబా. కొన్న దాణా మరిగినాయి. బంగారంలాంటి పిండి పెడితే ముట్టవే!"

"అంత బాగుందా?"

"నా పిండికి వంక పెట్టినోళ్లు లేరు."

బాబా సంచిలోంచి గుప్పెడు పిండి తీసి వాడి నోట్లో పోశాడు. నీళ్ల చెంబు తన వెనక పెట్టుకున్నాడు.

"ఇప్పుడు తిట్టు. ఎంత తిట్టాలో అంత తిట్టు."

వాడు నోరు తెరిచాడు. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. "ఊ... ఊ..." అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. వేలితో చెంబు చూపించాడు.

ఎదురుగా ఒక కోడి ముక్కును నేలకు రాస్తోంది. ముక్కు కొసన పిండి ముద్ద ఎండి పట్టేసింది. హుసేనప్ప దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

బాబా చెంబు అందించాడు.

తెల్లారి హుసేనప్ప మరరాళ్ల మధ్య సందు పెంచాడు. జొన్నలు నూకలై పడ్డాయి. పిండి పట్టించుకోను వచ్చిన ఆడవాళ్లు నవ్వారు.

"ఏం హుసేనప్పా, పనితనం మరిచిపోయినావా?"

వాడు నూక మోసుకొచ్చి తొట్లలో పోశాడు.

ఒక కోడి పొడిచింది. ఇంకోటి దాన్ని తోసుకుంటూ వచ్చింది. కాసేపటికి షెడ్డంతా టకటకమంది.

"బాబా! తింటన్నాయి బాబా!" పరుగెత్తుకొచ్చాడు హుసేనప్ప.

బాబా కోళ్ల వైపు చూసి పెదవుల మీద వేలు పెట్టాడు.

"అరవకురా. బువ్వ తింటన్నారు."