గాజు మీద సుద్దగీత

అసిరిరాజు గాజు తొట్టిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు, ఇసుకలో నిలబడ్డ ఆ గొట్టాన్ని పీకి బయట పారేద్దామని.

"ఆగరా," అన్నారు లతీఫ్ సాహెబు.

సముద్రపు చేపల్ని జనానికి చూపించే చిన్న ప్రదర్శనశాల అది. రేవు పక్కనే ఉంటుంది. ముప్పై ఏళ్లుగా సాహెబు చేతుల మీద నడుస్తోంది. మూడేళ్లు పని నేర్పాక ఆయన అసిరికి మొదటిసారి ఒక తొట్టి ఒప్పజెప్పారు. అందులో వేలెడంత ఉండే తెల్లచారల క్లౌన్ చేపల జంట ఉండేది.

వలలో పడి వచ్చిన ఒక గొట్టపు ఎనిమోన్‌ని అసిరి తెచ్చి వాటి మధ్య పెట్టాడు. చూడ్డానికి అది పువ్వు, నిజానికి జంతువు. ఇసుకలో తన చుట్టూ తానే గొట్టం అల్లుకుని, పైకి రేకుల్లాంటి చేతులు చాపుకుని బతుకుతుంది. క్లౌన్ చేపలు ఎనిమోన్ ఒడిలోనే కాపురం ఉంటాయని అసిరి ఎక్కడో విన్నాడు. అది వేరే రకం ఎనిమోన్ సంగతని ఎవరినీ అడిగి తెలుసుకోలేదు. తొట్టి మీద బోర్డు కూడా రాసి తగిలించాడు: 'ప్రాణ స్నేహితులు'.

ఈ పొద్దున వచ్చి చూస్తే, ఎనిమోన్ నోటి బయట మగచేప తోక ఒక్కటే కనిపించింది. ఆడచేప అక్కడక్కడే తిరుగుతోంది.

"ఇది ద్రోహి, సాహెబు గారూ. నమ్మించి మింగేసింది."

"'మీరు స్నేహితులు' అని దానికి చెప్పావా?"

"బోర్డు రాశాను కదండీ."

"చదువుకుందా మరి?"

అసిరి చెయ్యి బయటికి తీశాడు. ఎనిమోన్ చేతులు తగిలి వేళ్లు చురచురమంటున్నాయి.

ఇద్దరూ కలిసి ఆడచేపను పక్క తొట్టిలోకి మార్చారు. అది పోయి గాజుకి అంటుకుని, పాత తొట్టి వైపే ముఖం పెట్టి నిలబడింది. అసిరి రొయ్య తునక వేశాడు. ముట్టలేదు.

"ఇది బతుకుతుందా అండీ?"

"తింటే బతుకుతుంది."

మధ్యాహ్నం సాహెబు ఎనిమోన్ తొట్టి దగ్గరికి వచ్చి అడిగారు.

"దీని చెయ్యి ఎంత పొడుగురా?"

అసిరి వేళ్లు చాపి జానెడు చూపించాడు. "రోజూ చూస్తూనే ఉన్నాను కదండీ. ఇంతకు మించదు."

సాహెబు దీపం ఆర్పారు. కిటికీలు మూశారు. తొట్టి మీద నల్ల గొంగడి కప్పారు.

"కూర్చో," అన్నారు.

అసిరి కూర్చున్నాడు. సాహెబు సాయంత్రపు అసర్ నమాజుకి వెళ్లి వచ్చేదాకా కదలకుండా కూర్చున్నాడు. ఆయన వచ్చి గొంగడి ఒక అంచు మెల్లగా ఎత్తారు. తలుపు సందులోంచి వచ్చే మసక వెలుతురే ఉంది.

ఎనిమోన్ విచ్చుకుంది. దాని చేతులు సన్నగా, మెత్తగా, తొందరేమీ లేనట్టు నీళ్లలో సాగుతున్నాయి. జానెడు దాటాయి. ఇంకా సాగాయి.

సాహెబు అసిరి చేతిలో సుద్దముక్క పెట్టారు. ఎనిమోన్ చెయ్యి కొస ఎంతదాకా వస్తే అంతదాకా అసిరి గాజు మీద చుక్క పెడుతూ పోయాడు. చివరికి చుక్కలన్నీ కలిపి గీత గీశాడు. రెండు జానలకి పైగా వచ్చింది.

గీత లోపల ఒక రాయి ఉంది.

"ఆ రాయి ఎవరు పెట్టారు?"

"నేనేనండీ. రాత్రిళ్లు చేపలు ఆ రాయి పక్కన పడుకునేవి."

సాహెబు దీపం వేశారు. ఎనిమోన్ మళ్లీ జానెడై కూర్చుంది. గీత మాత్రం అలాగే ఉంది.

అసిరి నీళ్లలో చెయ్యి పెట్టాడు. ఈసారి గొట్టం జోలికి పోలేదు. రాయి తీసి గీతకి బాగా అవతల పెట్టాడు.

"ఇక ఈ తొట్టిలో చేపలు వద్దాండీ?"

"ఎందుకొద్దు? పెద్దవి వేసుకో, పైనీళ్లలో తిరిగేవి. దాని ఇసుక లోతుగా ఉండనీ. గీత లోపల మాత్రం ఏదీ పెట్టకు."

అసిరి బోర్డు దింపాడు. తడిగుడ్డ తెచ్చి సుద్దగీత కూడా తుడవబోయాడు.

"అది ఉండనీ," అన్నారు సాహెబు.

నాలుగో రోజున ఆడచేప ఒక్క తునక తింది. తిని మళ్లీ వెళ్లి ఆ గాజు దగ్గరే నిలబడింది.

ఆ రోజే బడి పిల్లలు వచ్చారు.

"అంకుల్, ఈ గీతేంటి?" అని ఒక పిల్ల అడిగింది.

"దాని చెయ్యి అందేంత దూరం," అన్నాడు అసిరి.

ఆ పిల్ల దీపం వెలుగులో మెరుస్తున్న ఎనిమోన్ వంక చూసింది. నవ్వింది. "పొండి అంకుల్! అది జానెడే ఉందిగా."

సాహెబు తన కుర్చీలోంచి తలెత్తి చూశారు.

అసిరి వెళ్లి దీపం ఆర్పాడు. కిటికీలు ఒక్కొక్కటే మూశాడు.

"కూర్చోండమ్మా," అన్నాడు.