సొరకాయంత టార్చి

ఇందుమతికి కొత్త టార్చి కావాలి. ఏది కొనాలో అడగడానికి బందరులో మొహియుద్దీన్ గారింటికి వచ్చింది.

కొనేవాళ్ల తరఫున ఇళ్లు పరీక్షించి, లోపాలు కాగితం మీద రాసివ్వడం ఆమె పని. ఆ పని నేర్పింది ఆయనే. రిటైరైన ఓవర్‌సీరు. ఆయన చూసిన ఇల్లు కొనుక్కుంటే నిశ్చింతగా నిద్రపోవచ్చని ఊళ్లో అనేవారు.

టార్చి అంటే గుర్తొచ్చింది. మా కాలేజీ రోజుల్లో మూడు బ్యాటరీల ఇత్తడి టార్చి ఉన్నవాణ్ణి జమీందారులా చూసేవాళ్లం. వెలుగు ఎంత దూరం పోతుందన్నదే దాని గొప్ప. దగ్గరున్నవి ఎలా కనిపిస్తాయో ఎవరమూ పట్టించుకోలేదు. సరే, అది వేరే సంగతి.

ఇందుమతి సంచిలోంచి తన టార్చి తీసి బల్ల మీద పెట్టింది. సొరకాయంత ఉంది.

"దీనికంటే పెద్దది కావాలి సార్."

"ఇంతకంటే పెద్దదైతే మోయడానికి ఇంకో మనిషిని పెట్టుకోవాలి," అన్నారాయన. "ఏమైందమ్మా?"

"శరభయ్య గారని ఒక లెక్చరరు. ఆయన కొన్న ఇల్లు నేనే చూశాను. లోపాలేమీ లేవని రాసిచ్చాను. మొన్న స్లాబు పెచ్చు ఊడి, వాళ్ల పాప చదువుకునే బల్ల మీద పడింది. పాప అప్పుడే మంచినీళ్లకని లేచిందట. మూడు రోజులుగా ఫోన్ చేస్తున్నారు. ఎత్తలేదు. టార్చి సరిగా వెలగలేదని చెబుదామనుకుంటున్నాను. మంచిది దొరికితేనే మళ్లీ ఇళ్లు చూస్తాను. లేదంటే ఈ పనే మానేస్తాను."

మొహియుద్దీన్ గారు లేచి ఆమెను పడకగదిలోకి తీసుకెళ్లి, కిటికీలు మూసి తెరలు లాగారు. మిట్టమధ్యాహ్నం గది మసకబారింది.

"పైకప్పు మీద వెయ్యి."

వేసింది. కప్పంతా పాలు పోసినట్టు తెల్లగా వెలిగింది.

"ఏం కనిపిస్తోంది?"

"ఏమీ లేదు సార్. బాగుంది."

ఆయన ఒక స్టూలు జరిపి, రెండు చేతులతో పట్టుకున్నారు. "ఎక్కు. వెలుగు పక్కగా పడేలా టార్చిని కప్పుకు ఆనించు."

ఆనించింది. టార్చి తలకాయ లావు. ఎంత వంచినా వెలుగు కప్పును వదిలి కిందికి జారిపోతోంది. ఆయన జేబులోంచి కలమంత సన్నటి టార్చి తీసి అందించారు. అది కప్పుకు అతుక్కున్నట్టు కూర్చుంది. వెలుగు సున్నం మీదుగా పాకింది. ఇందాక నున్నగా ఉన్న కప్పంతా మిట్టపల్లాలైంది. గోడ దగ్గర మొదలై ఫ్యాను దాకా సన్నటి పగులు, దాని పక్కన పూరీలా ఉబ్బిన పూత.

"సార్, ఈ ఇల్లు కొనేటప్పుడు ఎవరు పరీక్షించారు?"

"నేనే."

ఇందుమతి స్టూలు మీద అలాగే నిలబడిపోయింది.

ఆయన భార్య రజియా బేగం టీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చింది. "ఊరందరికీ మంచి ఇళ్లు చూపించి, మా మంచం మీద చినుకులు పడే ఇల్లు కొన్నారు మీ సారు. పగులు పూడ్పించినప్పుడల్లా పక్కన ఇంకోటి పుడుతుంది. పందొమ్మిదేళ్లుగా వానొస్తే మంచం జరుపుతున్నాం."

"మీకు కోపం రాలేదా అమ్మా?"

"వచ్చేదే. మొదటి వాననాడు, నేనింకా నోరు తెరవకముందే, నెత్తి మీద నీళ్లు కారుతుంటే నిలబడి, 'రజియా, నేను చూడలేదు' అన్నారు. ఇంకేం కోప్పడతాను? మంచం ఒక పక్క నేను పట్టుకున్నాను."

మొహియుద్దీన్ గారు స్టూలు వదల్లేదు. "దిగమ్మా, చూసుకుని," అన్నారు.

ఇందుమతి దిగి ఫోన్ తీసింది. అవతల శరభయ్య గారి గొంతు గదిలో అందరికీ వినిపించేంతగా లేచింది. ఆయన ఆపేదాకా విన్నది.

"సార్, నేను చూడలేదు. సరిగా చూడలేదు," అంది. "పాపను ఆ గదిలోకి వెళ్లనివ్వకండి. ఇప్పుడే వస్తున్నాను."

ఫోన్ పెట్టేసి, సన్నటి టార్చిని మొహియుద్దీన్ గారికి ఇవ్వబోయింది. ఆయన తీసుకోలేదు. వంగి, స్టూలెత్తి ఆమె చేతికిచ్చారు.

"ఇది కూడా తీసుకెళ్లు. వాళ్లింట్లో ఉందో లేదో."