పరవానా పుస్తకం

పూర్వం ఒక కోట ఊళ్లో తుపాకీ ఉంచుకోవాలంటే కొత్వాలు పరవానా ఇవ్వాలి. ఆ ఊళ్లో చాపలల్లే నాంచారి కూతురు, మొగుడి దెబ్బలకు తాళలేక పుట్టింటికి వచ్చేసింది. వారంలో తిరిగి రాకపోతే కాల్చేస్తానని అల్లుడు గుర్నాథం కబురంపాడు. అతని దగ్గర నిజంగా తుపాకీ ఉందో లేదో చెప్పమని నాంచారి కొత్వాలును అడిగింది.

"పరవానాలు రాసే పుస్తకంలో ఎవరి పేరుందో, ఎవరిది లేదో చెప్పకూడదు. అది పెద్దమనుషుల గుట్టు," అన్నాడు కొత్వాలు.

"మరి నా కూతురి ప్రాణం?"

"మొగుడూ పెళ్లాల గొడవ కచేరీకి తేకు, పో."

మర్నాడు నాంచారి రోకలిని చాపలో చుట్టి, భుజాన పెట్టుకుని అల్లుడి వీధిలో అటూ ఇటూ నడిచింది. అందులో ఏముందని అడిగినవాళ్లతో, "పరవానా ఉన్నవాళ్లు చెప్పక్కర్లేదట," అంది.

గుర్నాథం హడలిపోయి కచేరీకి పరిగెత్తాడు. వెనకే నాంచారీ, వీధి జనమూ వెళ్లారు.

"దొరా, మా అత్తకు పరవానా ఇచ్చారా?"

కొత్వాలు పుస్తకం తిరగేసి నవ్వాడు. "ఆడదానికి పరవానా ఏమిటయ్యా! దాని పేరు లేదు. నిశ్చింతగా ఇంటికి పో."

నాంచారి చాప విప్పి రోకలి చూపించింది. "అల్లుడి భయం తీర్చడానికి పుస్తకం తెరిచారు కదా దొరా. మూయకండి. ఆయన పేరు కూడా చూసి నా కూతురి భయం సంగతి చెప్పండి."

జనం కదల్లేదు. కొత్వాలు పుట తిప్పాడు. గుర్నాథం పేరుంది. పరవానా పుచ్చుకున్నది పెళ్లయిన మూడోరోజున.

అందరూ చూస్తుండగా, తుపాకీ తెచ్చి అప్పగించమని కొత్వాలు చెప్పక తప్పలేదు.

"అప్పగిస్తే పిల్లను పంపుతావా అత్తా?" అన్నాడు గుర్నాథం.

"పంపను బాబూ. చేతులు నీ దగ్గరే ఉంటాయిగా."