గవరయ్య సాగనంపిన చీమలు

వాగు ఒడ్డున ఉన్న అడవిమామిడి తన సొంతమని కొండముచ్చు గవరయ్యకు గట్టి నమ్మకం. ఆ చెట్టును నాటిందీ లేదు, ఓ పురుగును ఏరిందీ లేదు. ఎండలకు అడవంతా మాడిపోయినప్పుడు ఆ కాయలే అతని ప్రాణం నిలబెట్టేవి. అందుకని అక్కడ ఇంకెవరు కనబడ్డా ఒళ్లు మండేది. ముఖ్యంగా ఎర్రచీమలు. ఆకులు కలిపి గూళ్లు కట్టుకుని కొమ్మకొమ్మనా కాపురం పెట్టాయి. అయ్యగారు కూర్చుంటే చాలు, కుట్టేవి.

మాఘమాసంలో చెట్టు నిండా పూత. గవరయ్య పిర్రలు గోక్కుంటూ చీమల పెద్దమ్మను పలకరించాడు.

"ఎన్నాళ్లని ఈ పురుగులు తింటారు పెద్దమ్మా? అవతలి ఒడ్డున మద్దిచెట్టు మీద తేనె కారిపోతోంది. కాపురం అక్కడికి మార్చెయ్యండి."

"మా మీద ఇంత ప్రేమ ఎప్పట్నుంచి గవరయ్యా?"

"ఇరుగుపొరుగు అన్నాక ఆమాత్రం ఉండదా!"

తేనెపట్టు చితక్కొట్టి వచ్చింది తనేనని మాత్రం చెప్పలేదు. చీమలు గుడ్లతో సహా వాగు మీది తీగ పట్టుకుని దాటాయి. చివరి చీమ దాటగానే మహానుభావుడు తీగ తెంపేశాడు.

పక్క కొమ్మ మీది ఉడుత బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో, పూతను పురుగు పట్టకుండా చూసేది వాళ్లే కదయ్యా!"

"నేను లేనూ?"

"గొంగళిపురుగుల్ని తింటావా?"

"ఛీ! మా వంశంలోనే లేదు."

పది రోజులు వంశగౌరవం నిలబెడుతూ హాయిగా గుర్రుపెట్టి నిద్రపోయాడు. ఈలోగా గొంగళిపురుగులు పూతనీ చిగురునీ ఊడ్చిపెట్టేశాయి. వైశాఖం వచ్చేసరికి చెట్టు మీద ఒక్క కాయ లేదు. డొక్కలు ఎండిపోయి, గవరయ్య మెడలోతు నీళ్లలో పడి అవతలి ఒడ్డుకు చేరాడు.

"తల్లీ, తప్పయిపోయింది. వచ్చెయ్యండి!"

"ఎలా రమ్మంటావు? తీగ తెంపావుగా," అంది పెద్దమ్మ.

"నేను మోస్తాను."

"వీపు మీదయితే మునిగిపోతాం. నెత్తి మీదే పెట్టుకోవాలి. మా పిల్లలు అదిరితే కుడతారు మరి."

మొత్తం పద్నాలుగు గూళ్లు. పద్నాలుగుసార్లూ పిల్లలు అదిరారు. పెదాలు బూరెల్లా వాచిన గవరయ్య ఆఖరి గూడు దించి, చతికిలబడి అడిగాడు: "ఇక కాయలెప్పుడు?"

"వచ్చే ఏడు," అంది ఉడుత. "అందాకా వంశాన్ని నమలవయ్యా!"

చెట్టు కాయలు కావాలనుకునేవాడు, దాన్ని కాచేవాళ్ల కాటు కూడా ఓర్చుకోవాలి.