కురిసే ఇళ్ళు ఎవరివి?

ఇళ్ళకి తాటాకు కప్పులు నేసే గంగులు, పెళ్ళాం కాసులపేరు అమ్మి దివాన్ గారి అద్దె ఇళ్ళు కొన్నాడండీ. పట్టా మార్చమంటే దివాను "రేపు రారా" అంటూ అద్దెలు తనే వసూలు చేసుకునేవాడు. గంగులుకి కంటిమీద కునుకు లేదు.

ఇంతలో వానలకి ఆ ఇళ్ళు కురిశాయి. ఇల్లు కురిస్తే, బాగుచేసేదాకా అద్దెవాళ్ళు యజమాని ఇంట్లో ఉండటం ఆ ఊరి ఆచారం. కొన్నది అతనేగా అని అందరూ గంగులు గుడిసెకి వచ్చారు.

"పట్టా ఇంకా దివాన్ గారిదేగా! అక్కడికే పదండి," అన్నాడు గంగులు.

పిల్లలూ కోళ్ళూ మేకలూ దివాను పందిరిమంచం ఎక్కాయి. కూర్చోలేక, నిలబడలేక దివాను అప్పటికప్పుడు గంగులుని పిలిపించి పట్టా రాసిచ్చాడు.

"ఇక తోలుకుపో! నీ గుడిసెలో వీళ్ళనెక్కడ పడుకోబెడతావో చూస్తాను!"

"గుడిసెకెందుకండీ? వాన తెరిపిచ్చింది. తాటాకులు ఆ ఇళ్ళ ముందు దించే వచ్చాను," అన్నాడు గంగులు.