మైలగాడి తోలు కింద జరిగిన యుద్ధం

వేరుశనగ చేలు ముగిసి వంక మొదలయ్యే చోట ఓబులేసు కొట్టం ఉంది. అందులో మైలగాడనే ఎద్దు ఉండేది. అరక కట్టినా బండి కట్టినా కిక్కురుమనేది కాదు. ఎవరేం చెప్పినా నమ్మి తలూపడమే దానికున్న లోపం.

ఒకరోజు గట్టు దిగుతుంటే దాని ముంగాలి గిట్టల సందున తుమ్మముల్లు లోతుగా దిగింది. ఓబులేసు ముల్లు పీకి, పుండు కడిగాడు. అయినా కొన్నాళ్లకు కాలు మోకాలిదాకా వాచింది. ఒళ్లు పెనంలా కాలింది. పుండులోంచి చీము కారసాగింది.

"రేపు పశువుల డాక్టర్ని పిలుచుకొస్తా. అంతదాకా కదలకుండా పడుకో నాయనా" అని ఓబులేసు దాని ముందర ఇంత గడ్డి వేసి, కుడితి పెట్టి చేనికి పోయాడు.

అతను అటు పోయాడో లేదో, వంక వైపు నుంచి నక్క వచ్చింది.

"అయ్యో మామా! ఏమిటిలా అయిపోయావు? ఆ చీము చూశావా? లోపల మాంసమంతా కుళ్లుతోంది. ఏదీ, భుజం ముందర గడ్డ ఏమైనా తగులుతోందేమో చూసుకో."

మైలగాడు మెడ తిప్పి గడ్డంతో రాసి చూసుకుంది. "తగులుతోందిరా. నిమ్మకాయంత ఉంది."

"అయితే కుళ్లు భుజందాకా ఎక్కేసింది. ఇక గుండే! రేపు డాక్టరొస్తే ముందు కాలు కోసేస్తాడు. మూడు కాళ్ల ఎద్దును ఎవడు మేపుతాడు మామా?"

మైలగాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "మరేం చేయమంటావు?"

"వంకలో చల్లటి బురద ఉంది. కాసేపు దిగి నిలబడితే వేడంతా లాగేస్తుంది. పొద్దు వాలేలోగా రా. నేను అక్కడే ఉంటా."

అది మామూలు బురద కాదు, ఊబి. కుంటి ఎద్దు దిగితే బయటపడే మాటే లేదు. నక్క అప్పటికే తన వాళ్లందరికీ విందని చెప్పి వచ్చింది.

మైలగాడు మూలుగుతూ లేవబోయింది. అంతలో దాని చెవి వెనక నుంచి ఒక సన్నటి గొంతు వినిపించింది. "కూర్చోరా మనవడా. ఎక్కడికి పోతావు?"

అది పిడుదు. ఆ చెవి వెనకే ఎన్నాళ్లుగానో రక్తం పీలుస్తూ బతుకుతున్న ముసలి పురుగు.

నక్క పళ్లు బయటపెట్టింది. "నీ రక్తం తాగే పురుగు నీకు బుద్ధి చెబుతోంది మామా! నవ్వొస్తోంది నాకు."

"తాగుతాను, కాదనను" అంది పిడుదు. "వీడు చస్తే నాకు ఇల్లు పోతుంది. ఆ స్వార్థంతోనే చెబుతున్నా. కానీ వీడి తోలు కింద ఏం జరుగుతోందో నీకేం తెలుసు? మూతి లోపల పెట్టి బతికేదాన్ని నేను."

"సరే, నీ ఇష్టం మామా. గుండె ఆగాక నన్ను తలుచుకుని లాభం లేదు" అనేసి నక్క వంకలోకి జారుకుంది.

"అవ్వా, నిజం చెప్పు. నేను కుళ్లిపోతున్నానా?" అని అడిగింది మైలగాడు.

"కుళ్లడం కాదురా. లోపల యుద్ధం జరుగుతోంది. ముల్లుతో పాటు కంటికి కనబడని పురుగులు లోపలికి దూరాయి. నీ మాంసంలో ఎప్పుడూ కాపలా తిరిగే పెద్ద తిండిపోతులు కొందరున్నారు. వాళ్లే ముందు చూశారు. దొరికినవాటిని దొరికినట్టు మింగుతూ కేక పెట్టారు. ఆ కేకకు రక్తనాళాల గోడలు సందులిచ్చాయి, నీరు బయటికి ఊరింది. అందుకే వాపు. నువ్వు నిప్పనుకుంటున్న జ్వరం కూడా నీ ఒళ్లు తానే రాజేసింది, శత్రువు పెరగకుండా."

"మరి ఈ చీము?"

ఎప్పుడూ వెటకారంగా ఉండే పిడుదు గొంతు మెత్తబడింది.

"ఆ కేక విని రక్తంలోంచి తెల్లకణాలు గుంపులు గుంపులుగా ఉరికాయి. వాటికి ఆయుష్షు చాలా తక్కువ. వెనక్కి వెళ్లేదారి చూసుకోవు. శత్రువును మింగి అక్కడే చచ్చిపోతాయి. నీ కాలి మీద కారుతున్నది చాలావరకు వాటి శవాలేరా."

మైలగాడు తన కాలి వైపు చూసింది. ఇందాకటిదాకా అసహ్యంతో తల తిప్పుకున్న చోటునే రెప్ప వేయకుండా చూస్తూ ఉండిపోయింది.

"నా కోసమా? ఇన్నా? నేను ఒక్కదానికైనా ఇంత గడ్డి పెట్టిన పాపాన పోలేదే!"

"నువ్వు తినే గడ్డే వాటికీ బలం. నీ భుజం ముందరి గడ్డ గురించి ఆ నక్క ఏమంది?"

"కుళ్లు ఎక్కిందంది."

"అది దండు సాము నేర్చే తాలింఖానారా! కాలి దగ్గరి వేగువాళ్లు శత్రువు తునకొకటి పట్టుకుని ఆ గడ్డలోకి పోయారు. అక్కడ లెక్కలేనంత మంది ఉంటారు. ఒక్కొక్కడికి ఒక్కో శత్రువునే గుర్తుపట్టడం వచ్చు. వేగువాడు అందరికీ చూపిస్తూ పోతాడు. ఆ ముఖాన్ని గుర్తుపట్టేవాడు దొరికేదాకా ఆగడు. దొరికాడా, వాడు ఒకడు ఇద్దరై, ఇద్దరు నలుగురై గడ్డ నిండిపోతారు. అందుకే అది నిమ్మకాయంత అయింది. కొందరు దండును నడిపిస్తారు. కొందరు శత్రువుకు మాత్రమే అతుక్కునే బాణాలు తయారుచేసి రక్తంలోకి వదులుతారు. శత్రువు నీ సొంత కణంలోనే దూరి దాక్కుంటే, ఆ కణాన్నే చంపేసేవాళ్లూ ఉన్నారు. వాళ్లంటే నాకూ వణుకే. నా ఉమ్మిలో మత్తు కలిపి వాళ్లందరినీ జోకొడితే గానీ నాకు గుక్కెడు దక్కదు."

"యుద్ధం అయిపోయాక ఏమవుతారవ్వా?"

"చాలామంది పోతారు. కొద్దిమంది మిగులుతారు, ఈ శత్రువు ముఖం మరిచిపోకుండా. మళ్లీ అదే వస్తే ఈసారి కేకలు పెట్టే పనుండదు."

మైలగాడు లేవబోయిన కాళ్లు ముడుచుకుని మెల్లగా కూర్చుంది. నోటికి చేదుగా ఉన్నా ముందున్న గడ్డిని పట్టుపట్టి నమిలింది. కుడితి అడుగంటా తాగింది. పుట్టాక మొదటిసారి ఒకరు రమ్మన్న మాటకు తలూపకుండా కూర్చున్నందుకు దానికే ఆశ్చర్యమేసింది.

అక్కడ వంకలో పొద్దు వాలింది. విందని వచ్చిన నక్కలు ఆకలితో గుర్రుమన్నాయి. "ఎద్దేదిరా?" అని అడిగాయి. "వస్తుంది, వస్తుంది" అని ఈ నక్క దారిలోకి నాలుగడుగులు వేసి చూసింది, మళ్లీ వచ్చింది. ఎద్దు రాలేదు. నక్కలన్నీ కలిసి దాని మీద పడి కరిచి తరిమాయి. ఆ తర్వాత అది ఆ వంక ఛాయల్లో కనబడలేదు.

మర్నాడు డాక్టర్ వచ్చి పుండు శుభ్రం చేసి సూదిమందు పొడిచాడు. కాలు కోసే మాటే ఎత్తలేదు. "ఒంట్లో సత్తువుంది. సగం పని అదే చేసుకుపోతోంది" అని ఓబులేసు వీపు తట్టి వెళ్లాడు. కొన్నాళ్లకు వాపు తగ్గింది. భుజం ముందర గడ్డ కరిగింది.

మళ్లీ అరక కట్టే రోజున మైలగాడు కాడి కిందకు వెళ్లే ముందు ఆగి అడిగింది. "అవ్వా, ఇంత దండుకు రాజెవరు? ఎవరి మాట విని చచ్చిపోతారు వాళ్లు?"

"జీవితమంతా రక్తంలోనే గడిపానురా" అంది పిడుదు. "ఎంత వెతికినా నాకు రాజు కనబడలేదు."

మైలగాడు తన ఒంటిని తానే మొదటిసారి మోస్తున్నంత జాగ్రత్తగా అడుగు తీసి అడుగు వేసుకుంటూ చేనిలోకి దిగింది.

నీతి: నిన్ను కాపాడుతున్నదాన్నే చూపించి నిన్ను భయపెట్టేవాడి వెంట ఒక్క అడుగు కూడా వేయకు.