తోటకూర వారి రోడ్డు సాయం

దేవుడు తెలివి పంచిపెట్టిన రోజున తోటకూర వారు రెండు గోనెసంచులు పట్టుకుని అందరికన్నా ముందు వెళ్ళి నిలబడ్డారట. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, వాళ్ళే చెప్పుకుంటారు. సంచులకి చిల్లులున్న సంగతి మాత్రం చెప్పుకోరు, పాపం, వాళ్ళకీ తెలియదు.

వెలగలపాలెంలో ఆ ఇంటికి పెద్ద పేరయ్య. ఆయన భార్య నూకరత్నం. పేరయ్య తమ్ముడు గవర్రాజు. ముప్ఫై ఎనిమిదేళ్ళు నిండాయి, పెళ్ళి కాలేదు. కాకపోవడానికి కారణం వాళ్ళ తెలివే. ఆమధ్య ఒక సంబంధం వాళ్ళు, "పొద్దున్నే బయల్దేరి సూర్యుడికి ఎదురుగా రండి, మా ఊరు వచ్చేస్తుంది" అన్నారు. వీళ్ళకి పొద్దున పని తగిలింది. సాయంత్రం బయల్దేరి సూర్యుడికి ఎదురుగానే వెళ్ళారు. పడమటి దిక్కున ముగ్గురూ ఎక్కడో తేలారు. ఆ పిల్లకి ఇప్పుడు ఇద్దరు పిల్లలు.

ఇన్నాళ్ళకి కాకరలంక సత్తిరాజు గారమ్మాయి వరహాలు ఒప్పుకుంది. గవర్రాజు ఫొటో చూసి, "మనిషి మంచివాడిలా ఉన్నాడు" అందట. ఆ మాట గవర్రాజు రోజుకి పదిసార్లు తనలో తాను అనుకుని మురిసిపోయేవాడు. సత్తిరాజు మాత్రం ఒకటే షరతు పెట్టాడు. "మీ సంగతి విన్నాను. నిశ్చితార్థం రోజున పదకొండు కొట్టేలోపు మీ కాలు మా గడపలో పడాలి. లేదా, వేరే సంబంధం సిద్ధంగా ఉంది."

అందుకే ఒక పాత కారు కొన్నారు. కారు కొన్న నాలుగో రోజున, వాసన పట్టినట్టుగా, రోడ్డు సాయం కంపెనీ ఏజెంటు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఏడాదికి పద్దెనిమిది వందలు కట్టండి బాబుగారూ. కారు దారిలో ఆగిపోయిందనుకోండి, ఒక్క ఫోను కొడితే గంటలో మావాడు వచ్చి బాగుచేస్తాడు. బాగవకపోతే లారీకి కట్టి లాక్కుపోతాడు."

"మరి ఆగకపోతే?" అన్నాడు పేరయ్య.

"ఆగకపోతే మీ అదృష్టం. డబ్బు మాత్రం తిరిగి రాదండి."

పేరయ్య కళ్ళు మూసుకుని ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తే ఇంట్లో ఎవరూ దగ్గకూడదు. "అంటే, కారు బాగుంటే మనకి నష్టం. పాడైతే లాభం. అంతేగా?"

ఏజెంటు ఇరవై ఏళ్ళ సర్వీసులో ఈ ప్రశ్న వినలేదు. తల అడ్డంగా ఊపాలో నిలువుగా ఊపాలో తెలియక గుండ్రంగా తిప్పాడు.

"కట్టేద్దాం అన్నయ్యా, వరహాలు ఎదురుచూస్తుంది" అన్నాడు గవర్రాజు.

"కడతాంరా. కానీ కట్టింది దండగ అవకూడదు. అది నీ బాధ్యత."

కారు నడిపేది గవర్రాజు కాబట్టి ఏజెంటు అతని పేరే రాసి కాగితం ఇచ్చాడు. "సభ్యుడు రోడ్డు పక్కన ఇబ్బందిలో ఉన్నచో గంటలోగా సాయము అందును" అని ఉంది అందులో. నూకరత్నం ఆ కాగితానికి బొట్టు పెట్టి దేవుడి గూట్లో పెట్టింది. గవర్రాజు పొద్దుటా సాయంత్రం దాన్ని చదివి బట్టీ పట్టేశాడు. జీవితంలో అతను బట్టీ పట్టిన మొదటి వాక్యం అదే.

నిశ్చితార్థం రోజు వచ్చింది. కాకరలంక పన్నెండు కిలోమీటర్లు. ఏడింటికే బయల్దేరారు. దారిలో కారు ఆగడానికి టైము ఉండొద్దూ మరి? గవర్రాజు పట్టుపంచె కట్టాడు. నూకరత్నం ఒళ్ళో పళ్ళూ కొబ్బరికాయా చీరా ఉన్న పళ్ళెం, కాళ్ళ దగ్గర పులిహోర డబ్బా.

కారు వెన్నలా నడిచింది. ఒక కిలోమీటరు అయింది, ఆగలేదు. మూడయ్యాయి, దగ్గనైనా దగ్గలేదు. పేరయ్య ముఖం వాడిపోయింది.

"అమ్మినవాడు నిలువునా ముంచాడు. పాత కారని చెప్పి మంచి కారు అంటగట్టాడు."

"దీన్ని నమ్ముకుని పద్దెనిమిది వందలు తగలేశామండీ" అని నూకరత్నం ముక్కు చీదింది. "ఇంత కఠినమైన కారు ఎక్కడా చూళ్ళేదు."

ఐదో కిలోమీటరు దగ్గర పేరయ్యకి ఇక ఓపిక నశించింది. కారు ఆపించి ఇంజను కట్టేయించాడు. లైట్లు, పాటలు, వైపర్లు, ఫ్యాను, ఏవేవి తిరుగుతాయో అన్నీ వేయించాడు. "గొడ్డుని అలిసేదాకా తోలితే అదే కూలబడుతుంది" అన్నాడు. అంతే. ముగ్గురూ గట్టు మీద కూర్చుని పులిహోర తింటూ కారు కూలబడటం కోసం ఎదురుచూశారు. గవర్రాజు మాత్రం గడియారం కేసి, కారు కేసి, కాకరలంక దిక్కుకేసి మార్చి మార్చి చూస్తున్నాడు.

తొమ్మిదింటికి పాట సన్నగిల్లింది. లైట్లు ఆరాయి. తాళం తిప్పితే కారు కిక్కురుమనలేదు. పేరయ్య లేచి తమ్ముణ్ణి కౌగలించుకున్నాడు. "గెలిచాంరా!"

ఇంకేముంది, గవర్రాజు ఫోను కొట్టాడు. అవతల ఒక అమ్మాయి, "వాహనం రోడ్డు పక్కన ఉందా సార్?" అని అడిగింది.

"రోడ్డు మీదే ఉందండి, ఓ వారగా."

"కాస్త పక్కకి తీసి పెట్టుకోండి సార్. మనిషి వచ్చేదాకా వాహనం దగ్గరే ఉండండి. ఎవర్నీ ముట్టుకోనివ్వకండి."

పక్కకి తొయ్యడం మొదలుపెట్టారు. నాలుగు చక్రాల్లో ఒక్కటి రోడ్డు మీద ఉన్నా అది పక్క ఎలా అవుతుందన్నాడు పేరయ్య. న్యాయమేగా! ఇంకా తోశారు. కారు పక్కనున్న బోదె కాలవలోకి దిగి ముక్కు బురదలో పెట్టింది. "ఇప్పుడు అచ్చంగా పక్కన ఉంది" అని నూకరత్నం మెచ్చుకుంది.

సరిగ్గా పదింటికి కొక్కెమూ తాడూ ఉన్న లారీ వేసుకుని మెకానిక్కు వచ్చాడు. బోదెలోకి దిగి బానెట్ మీద చెయ్యి వేశాడో లేదో, నూకరత్నం పులిహోర గరిటె ఎత్తింది.

"చెయ్యి తియ్యి! ఎవర్నీ ముట్టుకోనివ్వద్దన్నారు."

"అమ్మా, నేనే మెకానిక్కుని."

"అయితే? నువ్వు ఎవరివీ కావా?"

ఆయన బతిమాలాడు, కార్డు చూపించాడు. చివరికి ఆఫీసుకి ఫోను చేసి, ఆ అమ్మాయి చేతే "ఈయన్ని ముట్టుకోనివ్వండి" అని చెప్పించాడు. ఈ రాయబారానికి పావుగంట పట్టింది. గవర్రాజు పంచె కొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు. మెకానిక్కుకి జాలేసింది. గబగబా కొక్కెం తగిలించి కారుని రోడ్డెక్కించి, తన లారీ నుంచి వైర్లు కలిపి స్టార్టు చేశాడు.

"బాబూ, బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. ఇంటికెళ్ళేదాకా మధ్యలో ఎక్కడా ఆపకండి. ఆపారా, నా పూచీ లేదు."

"మీ మాట జవదాటం" అన్నాడు పేరయ్య.

తోటకూర వారు అన్నమాట తప్పరు. అదే వాళ్ళతో వచ్చిన చిక్కు.

పది నలభైకి కాకరలంక వచ్చింది. సత్తిరాజు ఇంటి ముందు షామియానా, కాళ్ళకి నీళ్ళు పట్టుకుని ఒకామె, బాజా వాళ్ళు. గుమ్మం పక్కన ఆకుపచ్చ చీరలో వరహాలు తొంగి చూస్తోంది. ఫొటోలో కన్నా బాగుంది. గవర్రాజు కాలు బ్రేకు మీదికి పోయింది.

"ఏరా, ఆయన చెప్పింది విన్లేదా?" అని గద్దించాడు పేరయ్య.

"అన్నయ్యా, పిల్ల..."

"ఇంటికెళ్ళేదాకా అన్నాడు. ఇది మనిల్లా?"

కాదు. గవర్రాజు అబద్ధం ఆడలేకపోయాడు. కారు ఆగకుండా ముందుకి పోయింది. బాజా వాళ్ళు ఊదడం మొదలుపెట్టి, కారు వెనకే పది అడుగులు పరిగెత్తి ఊరుకున్నారు. ఊరి చివర కారు తిప్పుకుని మళ్ళీ అదే దారిన రావాలి కదా, వచ్చారు. ఈసారి ఆగుతారని నీళ్ళామె చెంబు వంచింది. కారు ఆగలేదు. నీళ్ళు మట్టిపాలయ్యాయి.

"ఆపద్దన్నాడు గానీ ఇవ్వద్దన్లేదుగా!" అంది నూకరత్నం. అంతే, కిటికీలోంచి పళ్ళూ చీరా విసిరింది. చీర షామియానా గుంజకి చుట్టుకుంది. కొబ్బరికాయ వెళ్ళి సత్తిరాజు మోకాలికి తగిలింది. గవర్రాజు స్టీరింగు వదలకుండానే తల వంచి, వరహాలుకి వినయంగా నమస్కారం చేశాడు. వరహాలు నోరు తెరుచుకుని చూస్తోంది. అది నవ్వో ఏడుపో అతనికి అర్థం కాలేదు.

పదకొండయ్యేసరికి ముగ్గురూ తమ ఇంటి వాకిట్లో ఉన్నారు. కారు ఆపారు. అది మళ్ళీ స్టార్టు కాలేదు. "ఎంత నిజాయితీ గల మెకానిక్కో, చెప్పింది చెప్పినట్టు జరిగింది" అని పేరయ్య పొంగిపోయాడు. "డబ్బు పూర్తిగా వసూలైంది."

అప్పుడే సత్తిరాజు ఫోను. ఆయన అన్న మాటలన్నీ ఇక్కడ రాయకూడదు. చివరికి మాత్రం, "మా పిల్ల ఏడుస్తోంది కాబట్టి ఒంటిగంట దాకా చూస్తాను. ఆ పిల్లాడొచ్చి నా ఎదురుగా ఒక్కచోట కదలకుండా నిలబడాలి. లేదా, అవతలి వాళ్ళకి కబురు పెట్టేస్తాను" అన్నాడు.

గవర్రాజు పంచె ఎగ్గట్టాడు. వరహాలు తన కోసం ఏడుస్తోంది! పక్కింటి లోవరాజు గోడ మీంచి అంతా విని స్కూటరు బయటికి తీశాడు. "ఎక్కు గవర్రాజూ, ఇరవై నిమిషాల్లో దింపేస్తాను."

గవర్రాజు ఒక కాలు ఎత్తాడు కూడా. కానీ తోటకూర వారి రక్తం ఊరుకుంటుందా?

"వద్దండీ" అన్నాడు కాలు దించి. "ఏడాదికి డబ్బు కట్టి సభ్యుణ్ణయ్యాను. ఇప్పుడు మీ బండెక్కితే కట్టింది దండగ కాదూ?"

"శభాష్!" అన్నాడు పేరయ్య.

"మరి కారు వాకిట్లో ఉందిగా మరిదీ, రోడ్డు పక్కన లేదే?" అంది నూకరత్నం. ఆ ఇంట్లో ఆవిడ చురుకు.

"కాగితంలో కారని ఎక్కడుంది వదినా? సభ్యుడు రోడ్డు పక్కన ఇబ్బందిలో ఉన్నచో, అని ఉంది. సభ్యుణ్ణి నేనే. ఇబ్బంది ఉంది. ఇక రోడ్డు పక్కే తక్కువ."

వెళ్ళి రోడ్డు పక్కన నిలబడి ఫోను కొట్టాడు. ఇబ్బందేమిటని ఆ అమ్మాయి అడిగితే, "కదల్లేకుండా ఉన్నామండి, కాకరలంక దాకా లాక్కెళ్ళాలి" అన్నాడు. లోవరాజు స్కూటరు పక్కనే పెట్టుకుని, గంట సేపు నెత్తి మీద చేతులు పెట్టుకుని చూశాడు.

పన్నెండున్నరకి మళ్ళీ అదే లారీ, అదే మెకానిక్కు. కిందకి దిగి అటూ ఇటూ చూశాడు. కారు కనబడలేదు. పట్టుపంచె మీద నడుముకి నూతి తాడు రెండు చుట్లు చుట్టుకుని, ముడి బిగించి, చివర చేత్తో పట్టుకుని నిలబడ్డ గవర్రాజు కనబడ్డాడు.

"త్వరగా కానివ్వండి" అన్నాడు గవర్రాజు. "కొక్కెం ముందు తగిలిస్తారా, వెనక తగిలిస్తారా?"